గోడ అవతలి గొంతు

కరెంటు పోయి వచ్చిన తర్వాత ఏసన్న కంప్యూటర్ మాట్లాడలేదు.

మామూలుగా అయితే బటన్ నొక్కగానే ఫ్యాను గుర్రుమంటుంది. లోపల ఏదో గీరినట్టు చప్పుడవుతుంది. కాసేపటికి విండోస్ చిన్న పాట వినిపిస్తుంది, ఆ వెనకే గొంతు వస్తుంది. ఆ శుక్రవారం సాయంత్రం ఫ్యాను తిరిగింది, గీరిన చప్పుడు ఒకసారి వచ్చి ఆగిపోయింది. పాట రాలేదు. ఏసన్న తెర మీద చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగానే ఉంది. అంటే ఏదో రాసి ఉంది దాని మీద. ఏం రాసి ఉందో చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.

అతనికి చూపు పోయి చాలా ఏళ్ళయింది. పదో తరగతి పాసై, ఆదోనిలో జిన్నింగు మిల్లులో పనిచేసే రోజుల్లో కళ్ళకు నీటికాసుల జబ్బు వచ్చింది. దూది దుమ్ముకు కళ్ళు మండుతున్నాయనుకుని పట్టించుకోలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది మరి కొన్నాళ్ళకు పోయింది. కర్నూలులో చూపు లేనివాళ్ళకు కంప్యూటర్ నేర్పే చోట చేరాడు. చదువు అయిపోయాక వాళ్ళు ఒక పాత కంప్యూటర్, దాని విండోస్ డిస్కు ఇచ్చి పంపారు. కౌతాళం దగ్గర సొంత ఊళ్ళో, చర్చి వీధిలో, అమ్మతో ఉండేవాడు. అమ్మ పోయాక ఒక్కడే ఉంటున్నాడు.

ఎమ్మిగనూరు నుంచి శామ్యూల్ పాస్టరు గారు నెలకోసారి వచ్చి, తన ప్రసంగాలు రికార్డు చేసిన పెన్‌డ్రైవ్ ఇచ్చి వెళ్తారు. ఏసన్న విని టైపు చేస్తాడు. టైపు చేసినదాన్ని కంప్యూటర్ పైకి చదువుతుంది, అతను తప్పులు దిద్దుకుంటాడు. పని లేనప్పుడు కూడా దాన్ని ఏదో ఒకటి చదవమనేవాడు. పాత ప్రసంగాలు, కర్నూలులో స్నేహితుడు ఎక్కించి ఇచ్చిన కథలు, ఆఖరికి ఫైళ్ళ పేర్ల వరుసైనా సరే.

రాత్రికి గొంతు లేదు. పొద్దున లేచి మళ్ళీ బటన్ నొక్కాడు. లేదు. ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే రాఘవ్‌కు ఫోన్ చేశాడు.

"విండోస్ పాడైంటాదిలే ఏసన్నా. ఈడికి తీస్కరా, ఫార్మాట్ కొట్టి ఇస్తా" అన్నాడు రాఘవ్. వెనక మిల్లు మిషన్ల మోత వినిపిస్తోంది.

"ఫార్మాట్ కొడితే లోపల ఉండేవి?"

"పోతాయి."

"పాస్టరయ్యవి సగం టైపు చేసి పెట్టినాను రాఘవా. ఇంకా శానా ఉండాయి."

"కాపీ తీయాలంటే టైమ్ పడ్తాది. పత్తి సీజనన్నా, మిల్లుల్లో కాటా కంప్యూటర్లన్నీ నా నెత్తి మీదే ఉండాయి. వచ్చే వారం దాకా నాకు తీరదు." ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "నీ కాడ డిస్కు ఉంది గదా? దాన్నేసి రిపేర్ కొట్టి సూడు. ఒక్కోసారి లేస్తాది. సదువొచ్చినోళ్ళను ఎవురన్నా పక్కన కూసోబెట్టుకో. ఇన్‌స్టాల్ అని వస్తాది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు, అంతా తుడిసిపెట్టుకపోతాది."

ఫోన్ పెట్టేసి ఏసన్న అరుగు మీదికి వచ్చాడు. చదువొచ్చినవాళ్ళు. వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి చెవి పెట్టి విన్నాడు. ఎక్కడో ఒక మేక అరుస్తోంది. అంతకుమించి ఏమీ లేదు.

అది సుగ్గి కాలం, కూలికి వలస పోయే రోజులు. మిరపకాయలు కోయడానికి ఊరు ఊరంతా గుంటూరు వైపు వెళ్ళిపోయింది. సంక్రాంతి దాటగానే లారీలు రావడం మొదలుపెట్టాయి. బియ్యం మూటలు, పొయ్యి, గిన్నెలు, పిల్లలు, కోళ్ళతో సహా ఎక్కించుకుని వెళ్ళాయి. వెళ్ళేవాళ్ళ అరుపులతో ఒక్కో లారీ దగ్గర తిరునాళ్ళలా ఉండేది. లారీ వెళ్ళిన ప్రతిసారీ వీధిలో చప్పుడు చేసే తలుపులు కొన్ని తగ్గేవి. ఇప్పుడు మిగిలింది కదలలేని ముసలివాళ్ళు, ఆఖరి లారీ కోసం ఆగిన కొద్దిమంది. బడి ఉంటే, రోజూ ఆదోని నుంచి బస్సులో వచ్చే గాయత్రి టీచరును అడిగేవాడే. శివరాత్రి, రెండో శనివారం, ఆదివారం కలిసి వచ్చాయని ఆమె ఆదోనిలోనే ఉండిపోయింది.

అతను అలా నిలబడి ఉండగానే పక్కింటి సుంకమ్మ గొంతు వినిపించింది.

"ఏసన్నా, మీ ఇంట్లో మాట్లాడే ఆయమ్మ యాడికి పాయె? రాత్రి గొంతే లే."

ఏసన్నకు మొదట అర్థం కాలేదు. తర్వాత నవ్వొచ్చింది. "ఆయమ్మ గాదక్కా. కంప్యూటర్. పాడైంది."

"ఆడమనిషి గొంతు మాదిరి ఉంటాది గదప్పా. మా ఆయప్ప ఈడ ఉన్నన్నాళ్ళూ కోప్పడుతుండె, నిద్ర పోనీదని." సుంకమ్మ గోడ పక్కన గిన్నెలు దించిన చప్పుడయింది. "ఆయప్ప సుగ్గికి పోయినంక ఇల్లంతా బోసి అయిపోయె. అది మాట్లాడుతుంటే పక్కన మనుసులుండారని నాకు నిద్ర పడుతుండె. రాత్రి గొంతు లేకుంటే, నీకేమన్నా అయిందేమో అనుకొంటి."

సుంకమ్మ భర్త ఎల్లప్ప మొదటి లారీలోనే వెళ్ళాడు. ఈనబోతున్న బర్రెను వదిలి రాలేనని ఆమె ఆగిపోయింది. అది ఈనింది, దూడతో సహా దాన్ని అమ్మేసింది. ఆ సాయంత్రం లారీకి ఆమె వెళ్తోంది. ఇన్నేళ్ళుగా పక్క పక్క ఇళ్ళల్లో ఉన్నా, తన కంప్యూటర్ గొంతు గోడ దాటి వెళ్తుందని ఏసన్నకు తెలియదు.

"అక్కా, నీకు సదువు వచ్చునా?" అని అడిగాడు, సమాధానం తెలిసినా.

"నాకేం సదువప్పా. రేషను కాడ ఏలిముద్ర ఏస్తా."

అతను ఆమె గొంతు వైపు తిరిగాడు. "సదవాల్సిన పని లేదులే. ఏం కనపడితే అది సెప్తే సాలు. అచ్చరాలు నాకొచ్చు, నీకు కండ్లుండాయి. ఒగ గంట కూసుంటావా?"

"మూటలు కట్టాల" అంది. మళ్ళీ తనే, "కూసుంటాలే, దానికేమి" అని లోపలికి వచ్చి, తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, పీట లాక్కుని కూర్చుంది.

డిస్కు ట్రంకు పెట్టెలో అమ్మ చీరల కింద ఉంది. ఏసన్న దాన్ని లుంగీ అంచుతో తుడిచి, కంప్యూటర్ ముందు భాగంలో ఉండే చిన్న బటన్ నొక్కాడు. ట్రే రాలేదు. ఎన్నేళ్ళుగానో తెరవలేదు మరి. సుంకమ్మ రవికకు పెట్టుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. దాని మొనను చిన్న రంధ్రంలోకి దూర్చి నెడితే కిర్రుమంటూ బయటికి వచ్చింది. డిస్కు పెట్టి లోపలికి నెట్టి, కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేశాడు.

"నల్లగుంది" అంది సుంకమ్మ. "పైన తెల్లగా ఒగ వరస వచ్చింది. సుక్కలు సుక్కలుగా..."

ఏసన్న తడుముకుని కీబోర్డు అందుకునేలోగానే, "పాయె" అంది.

ఏదో ఒక మీట నొక్కమని అడిగే వరస అది. ఒక్క క్షణమే ఉంటుంది. మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి డిస్కు తిరగడం వినిపించగానే అతను స్పేస్ మీట ఆపకుండా కొట్టాడు.

"తెల్లటి గీత నిండుకుంటా పోతాంది" అంది సుంకమ్మ. ఆ తర్వాత, "అబ్బ! నీలం వచ్చింది. మూలకి తెల్లగా కొమ్మలు గీసినారు. ముగ్గు మాదిరి బాగుంది."

"పెట్టె మాదిరి ఏమన్నా వచ్చిందా మధ్యలో?"

"వచ్చింది. అందులో మూడు వరసలు. కింద కుడిపక్క చిన్న బిళ్ళ."

"దాని మీద మొదటి అచ్చరం ఎట్లుంది?"

సుంకమ్మ తడబడింది. "రెండు నిట్రాళ్ళు నిలబెట్టి, నడుమ వంకరగా వాసం ఏసినట్లు."

"ఎన్" అన్నాడు ఏసన్న. ఎంటర్ కొట్టాడు. తెర మారిందని ఆమె చెప్పింది.

"మధ్యలో పెద్ద బిళ్ళ. బాణం గుర్తుంది. దాన్నే నొక్కమన్నట్లు మెరుస్తాంది."

"దాన్ని ముట్టుకోగాకు! అదే అంతా తుడిసేది. కింద ఎడంపక్క సిన్న వరసలేమన్నా ఉండాయా?"

"రెండుండాయి."

"ఒక్కోదానికి మొదటి అచ్చరం సెప్పు."

ఒకటి కొండలు తలకిందులైనట్టుందని చెప్పింది. అది డబ్ల్యూ అని పోల్చుకున్నాడు. రెండోదానికి ఆమెకు మాట దొరకలేదు. పొట్ట అంది, కాలు అంది, కాదు కర్ర అంది. చివరికి విసుగొచ్చి, "నీ చెయ్యి ఇట్ల తే" అంది.

ఆమె అతని అరచేతిని తిప్పి పట్టుకుని వేలితో గీసింది. పై నుంచి కిందికి ఒక గీత. దాని తల దగ్గర గుండ్రం. గుండ్రం కింద నుంచి బయటికి చాచిన కాలు. పత్తి తీసి తీసి మొద్దుబారిన వేలు అది, గరుకుగా ఉంది. ఏసన్నకు అది ఆర్ అని సగంలోనే తెలిసిపోయింది. తెలిసినా పూర్తయ్యేదాకా ఊరుకున్నాడు. తన చేతిని ఇంకొక మనిషి పట్టుకుని ఎంతకాలమైందో అతనికి గుర్తు రాలేదు. బస్సు ఎక్కేటప్పుడు కండక్టరు రెక్క పట్టి లాగుతాడు. అది వేరు.

"తెలిసిందా?" అంది సుంకమ్మ.

"తెలిసింది" అన్నాడు. ఆల్ట్ పట్టుకుని ఆర్ నొక్కాడు.

తర్వాత ఇంకో తెర, ఇంకో ఎన్. ఆ పైన వరసగా కొన్ని పేర్లు వచ్చాయి. మొదటిదాని తల పాములా మెలి తిరిగి ఉందంటే ఎస్ అనుకుని, ఎంటర్ కొట్టాడు. రిపేరు మొదలైంది. పచ్చటి గీత ఒకటి కాలవలో నీళ్ళలా ఎడమ నుంచి కుడికి పారుతోందని, మళ్ళీ మొదటికి వస్తోందని సుంకమ్మ చెప్పింది. ఇంక చేయడానికి ఏమీ లేదు, కాచుకుని ఉండడమే.

"ఏం సెప్తాదప్పా అది నీకు, దినామూ?"

"నేను రాసిందే నాకు సెప్తాది."

"నీ మాటలే నీకా?" ఆమె పీట కొంచెం ముందుకు జరుపుకుంది. "సరేలే. అదన్నా మేలే."

"ఆడ ఎట్లుంటాదక్కా, మిరప చేలల్లో?"

"చేలోనే గుడిసె ఏస్తాం. చేతులు మండుతాయి. అన్నం కలుపుకుంటే కండ్లెంబడి నీళ్ళు. కానీ అందరం ఉంటాం గదా. మన వీధి వీధంతా ఆడే ఉంటాది. నువ్వే ఈడ..." ఆమె మాట మార్చింది. "పాస్టరయ్య వస్తుంటాడులే."

అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాను దిగజారిపోతూ ఆగిన చప్పుడు విని ఏసన్న కదలకుండా కూర్చున్నాడు. రిపేరు మధ్యలో ఆగిపోతే ఉన్నది కూడా పోతుందని కర్నూలులో సారు చెప్పిన మాట గుర్తొచ్చింది. సుంకమ్మ లేచి, "కరెంటొస్తే పిలువు, వస్తా" అని ఇంటికి వెళ్ళింది. గోడ అవతల గిన్నెలు సంచిలోకి వేస్తున్న చప్పుడు, చాప చుడుతున్న చప్పుడు, తాడు బిగిస్తున్నప్పుడు ఆమె పళ్ళ బిగువున తీసే ఊపిరి, అన్నీ వినిపించాయి. ఇల్లు ఖాళీ అవుతుంటే ఆ చప్పుళ్ళకు గుయ్యిమనే మోత పెరుగుతూ వచ్చింది. ఏసన్నకు అన్నం వండుకోవాలనిపించలేదు. పొద్దున మిగిలిన రొట్టె తిని నీళ్ళు తాగాడు.

ఎండ వాలాక కరెంటు వచ్చింది. పిలుద్దామనుకుని, ఆమె పనిలో ఉందని ఆగాడు. దారి తెలుసు కదా అని తనే మొదలుపెట్టాడు. స్పేస్ మీట, ఎంటర్, ఆల్ట్ ఆర్, మళ్ళీ ఎన్, ఎంటర్. డిస్కు తిరుగుతున్న చప్పుడు చెప్పినదాన్ని బట్టి ఆగి ఆగి నొక్కాడు. కాసేపటికి డిస్కు ఆగిపోయింది. టింగ్ మని ఒక చప్పుడు వచ్చింది. ఏదో అడుగుతోంది. ఏం అడుగుతోంది? ఎంటర్ కొట్టడానికి వేలు పెట్టి, భయమేసి తీసేశాడు.

"అక్కా!" అని గోడ వైపు తిరిగి గట్టిగా పిలిచాడు. జవాబు రాలేదు. మళ్ళీ పిలిచాడు. వెళ్ళిపోయిందేమోననిపించింది. లారీ రాకుండా ఎలా వెళ్తుందని తనకు తనే చెప్పుకున్నాడు. అయినా మూడోసారి పిలిచినప్పుడు గొంతు తనదిలా లేదు.

తడి చేతులతో సుంకమ్మ వచ్చింది. "బాయి కాడ ఉంటినప్పా. ఏమాయె?"

"ఏదో అడుగుతాంది. బిళ్ళలు ఎన్నుండాయి?"

"రెండు." ఈసారి అడగకుండానే అతని చెయ్యి అందుకుంది. చన్నీళ్ళు అరచేతిలో కారాయి. మొదటిది మళ్ళీ అదే ఆర్. రెండోది ఒక పక్క తెరుచుకున్న గుండ్రం, సి.

సి అంటే వద్దనడం, అది అతనికి తెలుసు. ఆర్ అంటే రెస్టోర్ అయి ఉండాలి. ఇదివరకు బాగున్న రోజుకు కంప్యూటర్‌ను వెనక్కి తీసుకెళ్ళడం. టైపు చేసినవి పోవని నేర్పినట్టు గుర్తు. గట్టిగా గుర్తు లేదు. రాఘవ్‌కు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

"ఏం చేద్దామక్కా?"

"నన్నడిగితే నేనేం సెప్పేది?" అంది సుంకమ్మ. తర్వాత, "ఎట్లా పాడయ్యే ఉంది గదప్పా. కొట్టు" అంది.

ఏసన్న ఎంటర్ కొట్టాడు.

పచ్చ గీత మళ్ళీ పారింది. చాలాసేపు పారింది. సుంకమ్మ రెండుసార్లు లేచి వాకిట్లోకి వెళ్ళి లారీ కోసం చూసి వచ్చింది. ఆఖరికి తెర నల్లబడిందని చెప్పింది. ఫ్యాను ఆగి మళ్ళీ తిరిగింది. లోపల గీరిన చప్పుడు. ఈసారి ఆగకుండా గీరుతూనే ఉంది. ఏసన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

పాట వచ్చింది.

"లేసిందా?" అని సుంకమ్మ అరిచినంత పని చేసింది. ఏసన్న తల ఊపాడు. ఆ వెనకే గొంతు వచ్చింది. మగ గొంతు. ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పింది.

"ఇదెవురు?" అంది సుంకమ్మ.

ఏసన్న బాణం మీటలతో వెతుక్కుంటూ వెళ్ళాడు. పాస్టరు గారి ప్రసంగాలున్నాయి. కథలున్నాయి. అన్నీ ఉన్నాయి. నిన్న సగంలో ఆపిన ప్రసంగం తెరిచి చదవమన్నాడు. గొంతు ఏమీ అనలేదు. తెలుగు అక్షరాల మీద నోరు మూసుకుని దాటిపోయింది, మధ్యలో ఒక అంకె వస్తే దాన్ని మాత్రం ఇంగ్లీషులో పలికింది. తెలుగు గొంతును క్రిస్మస్‌కు ముందు రాఘవ్, పాతదాన్ని తీసేసి, కొత్తగా వేసి ఇచ్చాడు. కంప్యూటర్ సరిగ్గా ఆ రెంటికీ మధ్య రోజుకు వెళ్ళిపోయింది, పాతదీ లేదు, కొత్తదీ లేదు.

"ఆయమ్మ పోయిందక్కా" అన్నాడు. "మిగతావన్నీ ఉండాయి."

"మల్ల రాదా?"

"రాఘవ్ మళ్ళీ ఏస్తే వస్తాది."

వీధి చివర లారీ హారన్ మోగింది. సుంకమ్మ లేచింది. పరుగున వెళ్ళి, మూటలు వీధిలోకి చేరేశాక, తాళం వేసి అతని అరుగు దగ్గరికి వచ్చింది.

"ఇంటి తాళంచెవి. నీ కాడ పెట్టుకో. దినమొగసారి తలుపు తీసి, ఇంట్లోకి గాలి పోనీ. మూసిన ఇల్లు ముక్కిపోతాది" అంది. తర్వాత ఏదో ఆలోచించుకుని, "అన్నం సరిగ్గా వండుకొని తిను, రొట్టెముక్కతో పొద్దు గడపాకు" అని లారీ వైపు వెళ్ళింది. మూటల మీద మూటలు పడ్డాయి, ఎవరో పిల్లను పైకి అందించారు, డ్రైవరు తిట్టాడు. లారీ కౌతాళం రోడ్డెక్కి గేరు మార్చేదాకా ఏసన్నకు వినిపించింది. తర్వాత వినిపించలేదు.

ఆదివారం చర్చిలో నలుగురు ముసలివాళ్ళున్నారు, పాట ఎత్తుకునేవాళ్ళు లేరు. ఏసన్నే ఎత్తుకున్నాడు. ఇంటికి వచ్చి ప్రసంగం టైపు చేయడానికి కూర్చున్నాడు. వేళ్ళకు మీటలు తెలుసు కాబట్టి పని సాగింది. కానీ ఏం రాశాడో వినడానికి లేదు. ఒక వాక్యం రాయడం, గుర్తుంచుకోవడం, ఇంకో వాక్యం రాయడం. పేజీ నిండేసరికి తను నిజంగా రాశాడా, రాశాననుకున్నాడా అని సందేహం వచ్చి ఆపేశాడు. సుంకమ్మ ఇంటి తలుపు తీసి గడపలో కొంతసేపు కూర్చున్నాడు. లోపల ఇంకా పొగ వాసన, బర్రె వాసన ఉన్నాయి. గాలి వస్తూ పోతూ ఉంది.

సోమవారం గాయత్రి టీచరు బడికి వచ్చింది. ఏసన్న అడిగితే, మర్నాడు రాఘవ్ దగ్గర తెలుగు గొంతును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వచ్చింది. బస్సుకు టైమవుతోందని నిలబడే ఎక్కించింది. "వచ్చిందా అన్నా?" అంది. వచ్చింది. "పాడు కాకుండా చూసుకోండి" అని చెప్పి, బస్సు హారన్ వినగానే పరుగెత్తింది.

ఏసన్న రాసిన పేజీని చదివించుకున్నాడు. తప్పులు తను భయపడినంత లేవు. దిద్దాడు, ప్రసంగం పూర్తి చేశాడు, దాచాడు. పాస్టరు గారు రావడానికి ఇంకా చాలా రోజులుంది. వినడానికి కథలున్నాయి కానీ వినబుద్ధి కాలేదు. ఖాళీ పేజీ ఒకటి తెరిచి, చాలాసేపు ఊరికే కూర్చుని, ఒక వాక్యం రాశాడు.

సుంకమ్మక్క గుంటూరు చేరి ఉంటుంది.

గొంతు దాన్ని చదివింది. ఆ గొంతు చేరడమన్నా, కరెంటు పోవడమన్నా ఒకే తీరుగా చదువుతుంది. ఏసన్న కింద ఇంకో వాక్యం రాశాడు. వాళ్ళు గుడిసెలు వేసుకుని ఉంటారు. అది కూడా చదివింది. ఆ తర్వాత ఏం రాయాలో అతనికి తెలియలేదు. ఎదురుగా గొంతు ఆగి ఉంది. వీధిలో ఎవరూ లేరు. అతను మొదటి వాక్యం దగ్గరికి వెళ్ళి, దాన్ని మళ్ళీ చదవమన్నాడు.